నా బిడ్డ గుండె ఏది?

ప్రశ్న: డాక్టరమ్మగారూ, మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా తమ్ముడికి 32 ఏళ్ళు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ పాలిష్ యూనిట్లో పనిచేసేవాడు. రెండు నెలల కిందట రాత్రి పని ముగించుకుని మోటారు సైకిలు మీద వస్తూ దారిలో పడిపోయాడు. ఎవరో చూసి ఫోను చేసేసరికే ప్రాణం లేదు. మోచేతి దగ్గర గీసుకుపోవడం తప్ప ఒంటి మీద గాయం లేదు. పోలీసులు పోస్టుమార్టం చేయించాలన్నారు. మా పెదనాన్న, ఊరి పెద్దలు ‘పోయినవాణ్ణి కోయించడం ఎందుకు, మాట్లాడి వదిలించుకుందాం’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. కాగితాల మీద సంతకం పెట్టింది నేనే. దేహాన్ని అప్పగించేటప్పుడు అక్కడ పనిచేసే ఒకతను ‘గుండె ఇందులో లేదు, పరీక్షకు పంపించారు’ అని అందరి ముందూ అనేశాడు. అమ్మ విన్నది. అప్పటినుంచి నాతో మాటల్లేవు. ‘నా బిడ్డ గుండె ఏది? గుండె లేకుండా మట్టిలో పెట్టించాడు’ అంటుంది, అదీ నాతో కాదు, గోడతో. నేను ఇంట్లో ఉంటే అన్నం ముట్టదు.

రిపోర్టులో గాయాల వల్ల పోలేదని రాశారు. అసలు కారణం పరీక్షల ఫలితాలు వచ్చాక చెబుతామన్నారు. ఇంతవరకూ లేదు. ఊళ్ళో మాత్రం పురుగుమందు తాగాడని కొందరు, సారా తాగి బండి నడిపాడని కొందరు. వాడు అలాంటివాడు కాదు. పోయిన ఏడాది అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి గుడికి ఎక్కుతూ ఒకసారి కళ్ళు తిరిగి పడ్డాడు, ఎండదెబ్బ అనుకున్నాం. మా చిన్నాన్న కూడా 38 ఏళ్ళకే పొలంలో ఉన్నట్టుండి పడిపోయి పోయాడు. మా వంశానికి ఏదో శాపం ఉందంటుంది అమ్మ. నాన్న బాగానే ఉన్నాడు. తమ్ముడికి ఆరేళ్ళ కూతురు, నాకు ఇద్దరు మగపిల్లలు. ఇన్ని స్కానింగులు వచ్చిన కాలంలో ఇంకా మనిషిని కోసి చూడటం అవసరమా? నేను చేసింది తప్పా?

— పేరు రాయవద్దు, కడప జిల్లా

సమాధానం: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి మీ అమ్మగారి దగ్గర ఆగిపోయాను, రెండోసారి మీ ప్రశ్నల దగ్గర. మూడోసారి మాత్రం, శాపం సంగతి చెప్పబోతూ మీరు దాటుకుంటూ పోయిన రెండు వాక్యాల దగ్గర ఉలిక్కిపడ్డాను. కొండ ఎక్కుతూ తమ్ముడు పడిపోవడం ఒకటి, 38 ఏళ్ళకు చిన్నాన్న పొలంలో కూలిపోవడం ఒకటి. అందుకే చివర చెప్పవలసింది ముందే చెబుతున్నాను. ఈ వారంలోనే మీరు, మీ నాన్నగారు, మీ పిల్లలు, తమ్ముడి కూతురు గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈసీజీ (గుండె విద్యుత్తు పరీక్ష), ఎకో (గుండె స్కాను) తీయించుకోండి. రిపోర్టు కోసం ఆగవద్దు. మీ అబ్బాయిల్లో ఎవరైనా బడిలో కబడ్డీ ఆడుతున్నా పరుగుపందేలకు వెళుతున్నా డాక్టరు చూసేదాకా మాన్పించండి. ఎందుకో కింద రాస్తాను.

ముందు ఆ సంతకం సంగతి చూద్దాం. మీరు తమ్ముణ్ణి కోయించలేదు. మరణం మీద అనుమానం ఉన్నప్పుడు పోస్టుమార్టానికి ఇంటివాళ్ళ అనుమతి అవసరమే లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్ ఆ బాధ్యతను పోలీసు అధికారి మీద పెట్టింది. అంతకుముందు ఇదే సంగతి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్‌లో ఉండేది. ఊరి వాళ్ళ ఎదుట శవపంచనామా చేయాలి, కారణం మీద సందేహం ఉంటే దేహాన్ని ప్రభుత్వ డాక్టరుకు పంపాలి. నడిరోడ్డు మీద, రాత్రిపూట, గాయాలు లేకుండా దొరికిన 32 ఏళ్ళ మనిషి విషయంలో సందేహం రాలేదనే పోలీసు ఎవరైనా ఉంటే నాకు ఆ పోలీసు మీదే సందేహం వస్తుంది. మీరు పెట్టిన సంతకం పంచనామాలో ఇచ్చిన వాంగ్మూలం కిందో, దేహాన్ని తీసుకున్నామన్న రసీదు మీదో అయి ఉంటుంది. మీరు పెట్టకపోతే మీ పెదనాన్నగారు పెట్టేవారు. ‘మాట్లాడి వదిలించుకోవడం’ అంటే ఏమిటో మీకూ నాకూ తెలుసు. దానికి ఒప్పుకోకపోవడం ఒక్కటే ఇందులో మీరు మీ అంతట మీరు చేసిన పని. ఆ పనికి సిగ్గుపడవలసిన అవసరం మీకు ఏ కోశానా లేదు.

ఇక గుండె. మీ అమ్మగారు గోడను అడుగుతున్న ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కర్నూలులో ముప్పై ఏళ్ళకు పైగా పాథాలజీ, అంటే జబ్బు శరీరాన్ని ఎలా మారుస్తుందో చెప్పే శాస్త్రం, పాఠం చెప్పాను. పోస్టుమార్టం చేసేది ఫోరెన్సిక్ డాక్టర్లు. వాళ్ళకు అనుమానం వచ్చిన భాగాలు సీసాల్లో, డబ్బాల్లో మా పాథాలజీ వాళ్ళ దగ్గరికి వస్తాయి. మీ తమ్ముడి గుండె లాంటివి నా బల్ల మీదకు చాలా వచ్చాయి.

డబ్బాలో పది శాతం ఫార్మలిన్, అంటే భాగాలు కుళ్ళకుండా ఉంచే ద్రవం, ఉంటుంది. మూత మీద పోస్టుమార్టం నంబరు, పేరు, వయసు, పోలీసు స్టేషను పేరు. నేను ఎప్పుడూ వయసు ముందు చూసేదాన్ని. నలభై లోపు ఉంటే గదిలో విద్యార్థుల కబుర్లు ఆపించేదాన్ని. ముందు గుండెను తూస్తాం. పెద్దవాడైన మగవాడి గుండె సుమారు 300 గ్రాములు. 450, 500 తూగిందంటే ఆ గుండె ఏళ్ళ తరబడి చెప్పుకోలేని బరువేదో మోసిందన్నమాట. తరవాత గుండె కండరానికి రక్తం తెచ్చే కరొనరీ నాళాలను మూడు మిల్లీమీటర్లకు ఒక కోత చొప్పున అడ్డంగా కోసుకుంటూ పోతాం. ఎక్కడ పూడిక ఉంది, ఎక్కడ గడ్డ కట్టింది అప్పుడు కనబడుతుంది. కండరాన్ని పలకలుగా కోసి గోడల మందం స్కేలు పెట్టి కొలుస్తాం. నాలుగైదు చోట్ల నుంచి తపాలా బిళ్ళంత ముక్కలు తీసి, మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో రెండు వందల వంతు పలచని పొరలుగా తీసి, రంగు వేసి, గాజు పలక మీద మైక్రోస్కోపు కింద చూస్తాం. గుండె ఫార్మలిన్‌లో గట్టిపడటానికే రోజులు పడుతుంది. పని జరిగేది మెల్లగానే. కానీ రెండు నెలల ఆలస్యంలో ఎక్కువ భాగం మైక్రోస్కోపు దగ్గర కాదు, కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడవడంలో పోతుంది.

ఒక ముక్క తీసుకుంటే సరిపోదా, గుండె మొత్తం ఎందుకు అంటారేమో. బరువు, గోడల మందం, నాళాలు ఎక్కడి నుంచి పుట్టాయి, కవాటాలు ఎలా ఉన్నాయి, ఇవేవీ ముక్కలో తెలియవు. వయసులో ఉన్నవాడు ఉన్నట్టుండి పోతే జాగ్రత్త తెలిసిన డాక్టరు గుండెను మొత్తంగా పంపుతాడు. పని తొందరగా తెముల్చుకోవాలనుకునే డాక్టరు ‘హృదయ స్తంభన’ అని రాసి చేతులు కడుక్కుంటాడు. మీ తమ్ముడి గుండెను నిజంగానే పంపించి ఉంటే, ముక్కూమొహం తెలియని ఒక డాక్టరు అతని గురించి శ్రద్ధ తీసుకున్నాడని అర్థం. ఆ సంగతి మీకు చెప్పిన తీరు మాత్రం ఘోరం. దాన్ని నేను సమర్థించను. ముందే మిమ్మల్ని పక్కకు పిలిచి రెండు నిమిషాలు చెప్పి ఉంటే మీ ఇంట్లో ఈ రెండు నెలలు ఇలా గడిచేవి కావు.

మిగతా అవయవాలు చూసి, తిరిగి లోపలే పెట్టి కుట్టేస్తారు. ముఖం జోలికి పోరు. తల మీది కోత ఒక చెవి వెనక నుంచి రెండో చెవి వెనకకు, జుట్టులో కలిసిపోయేలా పెడతారు. విషం ఉందేమో చూడటానికి పొట్ట, చిన్నపేగులో కొంత, కాలేయం, మూత్రపిండాల ముక్కలు చిక్కని ఉప్పునీళ్ళలో వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. (అవును, ఆవకాయలో వేసుకునే ఉప్పే. ఫార్మలిన్‌లో వేస్తే విషం పరీక్ష చెడిపోతుంది.) గుండెను ఎవరికో అమ్ముకున్నారని రేపు ఎవరైనా అంటే వినవద్దు. ఆగిపోయి గంటలు గడిచిన గుండె ఎవరికీ అమర్చడానికి పనికిరాదు.

మీ అమ్మగారి బాధను చాదస్తమని ఎవరైనా కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. ఇంగ్లండులో లివర్‌పూల్‌లో ఆల్డర్ హే అనే పిల్లల ఆసుపత్రి ఉంది. అక్కడ చనిపోయిన పిల్లల గుండెలు, మెదళ్ళు, ఇతర అవయవాలు తల్లిదండ్రులకు చెప్పకుండా ఏళ్ళ తరబడి అట్టేపెట్టుకున్నారని 1999లో బయటపడింది. 2001లో విచారణ నివేదిక వచ్చేసరికి దేశమంతా అట్టుడికిపోయింది. కొందరు తల్లులు తమ బిడ్డకు రెండోసారి, ఇంకొందరు మూడోసారి కూడా అంత్యక్రియలు చేసుకున్నారు. దాని ఫలితంగానే 2004లో బ్రిటన్ మానవ కణజాలం మీద కొత్త చట్టం తెచ్చుకుంది. ఆ తల్లులు అడిగింది కూడా ఇదే ప్రశ్న. కాబట్టి మీరూ అడగండి. పోస్టుమార్టం చేసిన డాక్టరుకు, పోలీసు స్టేషను ద్వారా, కాగితం మీద రాసి: పరీక్ష ముగిసిందా, గుండె ఎక్కడుంది, దర్యాప్తు పూర్తయ్యాక మాకు ఇవ్వగలరా, ఇవ్వలేకపోతే ఎలా సాగనంపుతారు? ఇస్తే తీసుకెళ్ళి తమ్ముడి పక్కనే మట్టిలో పెట్టండి. మీ అమ్మగారి చేత పెట్టించండి.

స్కానింగులు ఉండగా కోత ఎందుకన్నారు. చాలామంది డాక్టర్లు కూడా ఇదే అనుకుని శవపరీక్షలు మానేశారు. అమెరికాలో బోస్టన్ నగరంలో ఒక ఆసుపత్రివాళ్ళు 1960, 1970, 1980 సంవత్సరాల్లో అక్కడ జరిగిన శవపరీక్షలను ఏడాదికి వంద చొప్పున తీసి పోల్చి, 1983లో ఫలితం ప్రచురించారు. ఆ ఇరవై ఏళ్ళలో అల్ట్రాసౌండు వచ్చింది, సీటీ స్కాను వచ్చింది. అయినా, బతికుండగా పట్టుకుని ఉంటే వైద్యం మారి ఇంకొంత కాలం బతికేవాడేమో అనదగ్గ జబ్బు డాక్టర్ల కళ్ళుగప్పిన సందర్భాలు మూడు కాలాల్లోనూ నూటికి పది దగ్గరే ఉన్నాయి. 2003లో దశాబ్దాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఏదో ఒక ప్రధానమైన జబ్బు తప్పిపోయిన సందర్భాలు 23.5 శాతం తేలాయి. అయితే శవపరీక్ష దాకా వెళ్ళేవి ఎక్కువగా అంతుపట్టని మరణాలే. ఆ లెక్కను చనిపోయిన వాళ్ళందరికీ చుట్టేసి మా డాక్టర్లను మరీ తీసిపారేయకండి.

చనిపోయాక కోయకుండా స్కాను తీసి చూసే పద్ధతీ వచ్చింది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021లో మొదలైంది. విరిగిన ఎముకలు, తూటాలు, లోపలి రక్తస్రావం అందులో చక్కగా తెలుస్తాయి. కొన్ని మరణాలకు అది చాలు, కోత తప్పుతుంది, నాకూ సంతోషమే. కానీ 2012లో బ్రిటన్‌వాళ్ళు 182 మంది విషయంలో ముందు స్కాను తీసి, తరవాత కోసి చూసి పోల్చితే, సీటీ స్కాను చెప్పిన మరణ కారణం 32 శాతం మందిలో అసలు కారణంతో పొసగలేదు. ఎక్కువగా పొరపడింది గుండె నాళాల దగ్గర, ఊపిరితిత్తుల్లో గడ్డల దగ్గర. అంటే సరిగ్గా మీ తమ్ముడి లాంటి మరణాల దగ్గర. గుండె కండరంలో కణాలు ఎలా పేర్చి ఉన్నాయో ఇప్పటికీ గాజు పలక మీద చూడవలసిందే.

కోవిడ్ మొదటి నెలలు గుర్తున్నాయా? ఊపిరితిత్తుల జబ్బనే అందరమూ అనుకున్నాం. అంటుకుంటుందన్న భయంతో చాలా దేశాల్లో శవపరీక్షలు ఆపేశారు. జర్మనీలో హాంబర్గ్ డాక్టర్లు ఆపలేదు. మొదట కోసి చూసిన 12 మందిలో ఏడుగురి కాళ్ళ సిరల్లో రక్తపు గడ్డలు దొరికాయి. బతికుండగా ఆ అనుమానమే రాలేదు. నలుగురు ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయే చనిపోయారు. రక్తం పలచబరిచే మందుల మీద డాక్టర్ల చూపు పడటానికి ఇలాంటి శవపరీక్షలు బాగా తోడ్పడ్డాయి. ఆ తరవాత మీ ఊరి నుంచి ఎవరైనా కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి పొట్ట మీద రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు వేయించుకుని ఉంటే, ఎక్కడో హాంబర్గులో పోయిన ఆ పన్నెండుగురికి కూడా ఒక దండం పెట్టుకోవచ్చు.

ఇంకా పాత కథ ఒకటి మా విద్యార్థులకు తప్పకుండా చెప్పేదాన్ని. 1847లో వియన్నా నగరం. ఒక పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో డాక్టర్లు పురుళ్ళు పోసే వార్డులో బాలింతలు జ్వరంతో కుప్పలుగా చనిపోతున్నారు. మంత్రసానులు పురుళ్ళు పోసే పక్క వార్డులో అంతమంది పోవడం లేదు. సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరుకు కారణం అంతుపట్టలేదు. ఆ మార్చిలో అతని స్నేహితుడు కొలెచ్కా ఒక శవపరీక్ష చేస్తుండగా విద్యార్థి కత్తి మొన వేలికి గుచ్చుకుని, కొద్ది రోజుల్లో జ్వరంతో పోయాడు. స్నేహితుడి శవపరీక్ష నివేదిక చదివితే అందులో ఉన్నది అచ్చంగా బాలింతల దేహాల్లో కనబడుతున్నదే. పొద్దున శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు నేరుగా పురిటి గదికి పోతున్నారు! మే నెల నుంచి బ్లీచింగ్ నీళ్ళతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్ నాటికి ఇద్దరికి తగ్గారు. మరణాన్ని మోసుకుపోయింది ఆ శవపరీక్ష గదే, దాని గుట్టు విప్పిందీ ఆ గదే. ఈ కథలో నాకు సెమ్మెల్‌వైస్ కన్నా, స్నేహితుడి పోస్టుమార్టం కాగితం చదవడానికి కూర్చున్న ఆ గంటే ఎక్కువ గుర్తుండిపోయింది. మీ చేతికి తమ్ముడి రిపోర్టు వచ్చినప్పుడు మీకూ అలాంటి గంట ఒకటి వస్తుంది.

ఆ రిపోర్టులో ఏముంటుందో నేను చెప్పలేను. నేను ఆ గుండెను చూడలేదు. చిన్న వయసులోనే నాళం పూడుకుపోయి ఉండవచ్చు, మన దేశంలో అదేమీ అరుదు కాదు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, మహాధమని, చీలి ఉండవచ్చు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉండవచ్చు. కానీ శ్రమ పడుతుండగా స్పృహ తప్పడం, అదే వంశంలో ఇంకొకరు చిన్న వయసులో ఉన్నట్టుండి పోవడం, ఈ రెండూ కలిస్తే మొదట అనుమానించవలసింది వంశపారంపర్యంగా వచ్చే గుండె జబ్బులను. అందులో ఒకటి హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. పేరు భయంకరంగా ఉన్నా సంగతి సులువే. గుండె గోడ బయటి కారణమేదీ లేకుండా మందమవుతుంది. కణాలు వరసగా కాకుండా అడ్డదిడ్డంగా పేర్చుకుంటాయి. అలాంటి గుండె శ్రమలోనో, ఒక్కోసారి ఊరికే ఉన్నప్పుడో లయ తప్పి ఆగిపోతుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జన్యులోపం ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం. 2009లో హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న ఒక బృందం, గుండె కండరాన్ని బలహీనపరచగల ఒక జన్యుమార్పు మన ఉపఖండంలో సుమారు నాలుగు శాతం మందిలో ఉందని తేల్చింది. అది ఉన్న అందరికీ జబ్బు రాదు. జన్యువు మోస్తూ ఏ బాధా లేకుండా ముసలితనం దాకా బతికేవాళ్ళూ ఉంటారు. మీ నాన్నగారు ‘బాగానే ఉన్నాడు’ అని రాశారు కదా, అందుకే ఆయన్ను కూడా తీసుకెళ్ళమన్నాను.

మీ అమ్మగారు శాపమన్నది బహుశా ఇదే. ఆవిడ వంశాన్ని గమనించింది, రెండు మరణాలను కలిపి చూసింది. అహోబిలంలో ఎండదెబ్బ అని సరిపెట్టుకున్న మనకన్నా ఆవిడ చూపే నయం. పేరు మాత్రం వేరుగా పెట్టుకుంది.

మీ చిన్నాన్న పోయిన రోజున ఎవరైనా ఆయన గుండెను చూసి ఉంటే, తమ్ముడు కొండ మీద పడిన రోజునే మీరు పరుగెత్తేవారు. ఇది మీ మీద నేరంగా రాయడం లేదు. మన పల్లెల్లో మరణ కారణం అంటే ‘గుండె ఆగి’ అన్న రెండు మాటలు. గుండె ఆగకుండా పోయినవాడు ఇంతవరకూ ఎవరూ లేరు. దేశం మొత్తం మీద 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

ఇంకొక మాట కూడా మీరు వినాలి. అంతా చూశాక కూడా చివరి అభిప్రాయంలో ‘కారణం తేలలేదు’ అని రావచ్చు. దానర్థం అంతా బాగుందని కాదు. కొన్ని గుండెలు కంటికీ మైక్రోస్కోపుకూ నిక్షేపంగా కనబడతాయి. లోపం వాటిలోని విద్యుత్తులో ఉంటుంది. ఆగిన గుండెకు ఈసీజీ తీయలేం. అప్పుడు దొరికే ఆధారం మీ ఈసీజీ, మీ నాన్నగారి ఈసీజీ, ఆ పసిపిల్ల ఈసీజీ మాత్రమే.

నా సంగతి ఒకటి చెప్పాలి. అనుమతి అడిగి చేసే శవపరీక్ష అని ఇంకొకటి ఉంది. జబ్బుతో ఆసుపత్రిలో పోయిన మనిషి ఎందుకు దక్కలేదో తెలుసుకోవడానికి డాక్టర్లు ఇంటివాళ్ళను బతిమాలి చేసేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పుడప్పుడైనా జరిగేది. రిటైరయ్యేనాటికి అడిగేవాళ్ళే లేరు. ఇంటివాళ్ళను ఎలా అడగాలో, ఏ మాట ముందు చెప్పాలో ఏటా పాఠం చెప్పాను. మా నాన్న ఐదు రోజుల జ్వరంతో పోయినప్పుడు ఒక కుర్ర డాక్టరు, బహుశా నా పాఠం విన్నవాడే, వచ్చి అడిగాడు. అన్నయ్యలు ఇద్దరూ నా వైపు చూశారు. నేను వద్దన్నాను. ఎందుకంటే చెప్పలేను. ఆ గదిలో ఏం జరుగుతుందో అందరికన్నా నాకే ఎక్కువ తెలుసు, బహుశా అందుకే. ఇప్పుడు నా వయసు అరవై ఎనిమిది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ‘నాన్నగారు ఏ జబ్బుతో పోయారమ్మా?’ అని అడుగుతారు. ‘జ్వరంతో’ అంటాను. పాథాలజీ చెప్పిన మనిషి ఇచ్చే జవాబేనా అది? మీరు నాకన్నా ధైర్యం చేశారు, అదీ వైద్యం చదవకుండానే, ఊరంతా వద్దంటుంటే.

మీ అమ్మగారికి మాత్రం ఈ ఉత్తరం చదివి వినిపించవద్దు. వియన్నా కథలూ బోస్టన్ లెక్కలూ ఆవిడకు అక్కరలేదు. ‘నేను చేసింది న్యాయమే’ అని వాదానికి అసలే దిగవద్దు. ఆవిడ అడిగేది గుండె గురించి. గుండె గురించే చెప్పండి. ఎక్కడుందో కనుక్కుంటున్నానని చెప్పండి. స్టేషనులో ఇచ్చిన అర్జీ కాపీ ఆవిడ చేతిలో పెట్టండి. పాపను పరీక్షకు తీసుకెళ్ళే రోజు ఆవిడను కూడా రమ్మనండి. కొడుకుతో మాట్లాడని తల్లి మనవరాలి వెంట రాకుండా ఉండలేదు. బస్సులో ఎలాగూ పక్కపక్కన కూర్చోవలసి వస్తుంది.

రిపోర్టు కోసం స్టేషనుకు వెళ్ళేటప్పుడు క్రైమ్ నంబరు, పోస్టుమార్టం నంబరు రాసుకుని వెళ్ళండి. మీరు అడగవలసినవి రెండు వేరువేరు కాగితాలు: ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి విషం పరీక్ష ఫలితం, పాథాలజీ నుంచి గుండె పరీక్ష ఫలితం. రెండూ పోస్టుమార్టం చేసిన డాక్టరు చేతికి చేరితేనే చివరి అభిప్రాయం రాస్తాడు. ఒకటి వచ్చి ఇంకొకటి దారిలో ఆగిపోవడం మామూలే. ఎక్కడ ఆగిందో నంబరు చెప్పి అడిగితే తప్ప కదలదు. విషం లేదని, సారా లేదని కాగితం వచ్చిన రోజు రచ్చబండ దగ్గర మాట్లాడేవాళ్ళకు మీరు వేరే ఏమీ చెప్పనక్కరలేదు. తమ్ముడి బ్యాంకు పుస్తకం కూడా తీసి చూడండి. ఏటా 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో పోయినా రెండు లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయి ఉంటే అది సురక్షా బీమా, ప్రమాదానికి మాత్రమే. గుండె జబ్బని తేలితే అది రాదు. బ్యాంకుకు ఇప్పటికే చెప్పి ఉండకపోతే రేపే వెళ్ళండి.

ఎకోలో ఏదైనా కనబడినా కంగారు పడవద్దు. మందులున్నాయి, ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళకు లయ తప్పిన క్షణంలో గుండెను సరిచేసే చిన్న పరికరం ఛాతీలో అమర్చవచ్చు. ఈ జబ్బు తెలిసినవాళ్ళలో చాలామంది నిండు జీవితం గడుపుతున్నారు. ఏమీ కనబడకపోతే అక్కడితో వదిలేయకూడదు. ఇది ఎదిగే వయసులో బయటపడే జబ్బు. పిల్లలకు ఒకటి రెండేళ్ళకోసారి, పెద్దవాళ్ళకు మూడు నుంచి ఐదేళ్ళకోసారి మళ్ళీ చూపించాలి. డాక్టరుకు తమ్ముడి సంగతితో పాటు చిన్నాన్న సంగతి, అహోబిలం సంగతి తప్పకుండా చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

పాపకు భయం లేకుండా ముందే చెప్పి తీసుకెళ్ళండి. సూది ఉండదు, నొప్పి ఉండదు. ఛాతీ మీద చల్లటి జిగురు రాసి తెర మీద గుండెను చూపిస్తారు. పరగడుపున వెళ్ళనక్కరలేదు, ఇంట్లో పొట్ట నిండా తినిపించే బయలుదేరండి.